పల్చటి మోజాలు

మా ఇంట్లో సాక్సుల్ని మోజాలు అనేవాళ్ళం. రాయపూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, నా తెలుగులో సగం మాటలు హిందీవే. గోదావరి జిల్లా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా నా మాట విని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటే నవ్వుకున్నారు గానీ, మోజాల గురించి మా ఇంట్లో తెలిసినంత వాళ్ళలో ఎవరికీ తెలియదు.

మా నాన్న రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరు. ఆయనకి మోజాలు రెండు రకాలు. మందపాటివి సోమవారం నుంచి శనివారం దాకా, డ్యూటీ బూట్లలోకి. నూలువి, ఎన్నిసార్లు ఉతికినా గ్రీజు వాసన వదలనివి. పల్చటివి ఆదివారం ఒక్కరోజుకి, చర్చికి. నల్ల నైలాన్‌వి, వేసుకుంటే వేళ్ళ ఆకారం తెలిసేంత సన్ననివి. వాటిని ఆయన తొడుక్కునే తీరే వేరు. మంచం మీద కూర్చుని, మోజాని మడమ దాకా చుట్టి, వేళ్ళు పెట్టి, మెల్లగా పైకి లాగేవాడు. గోరు తగిలితే దారం లేస్తుందని ముందురోజే గోళ్ళు తీసుకునేవాడు. వారమంతా బూట్లలోకి కాళ్ళు దోపుకునే మనిషి ఆ ఒక్క పూట అంత నిదానంగా ఉండటం చూస్తే నాకు ముచ్చటగా ఉండేది.

ముప్పై ఏళ్ళు బూటు పైఅంచు రాసుకుని రాసుకుని ఆయన రెండు కాళ్ళకీ, చీలమండలకి కాస్త పైన, చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి చర్మం నున్నగా తేలి ఉండేది. లుంగీ మడిచి కూర్చుంటే కనపడేది. చిన్నప్పుడు అది నాన్నలందరికీ ఉంటుందనుకునేవాణ్ణి.

ఆయన కోరిక ఒకటే. అది ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. "నా తరవాత మా ఇంట్లో ఎవరూ బూట్లు తొడగకూడదు. మావాడు టేబుల్ దగ్గర కూర్చోవాలి. వారమంతా పల్చటి మోజాలే వెయ్యాలి." ఈ మాట వింటూ పెరిగినవాడికి చదువంటే భయం ఉండదు, మోజాలంటే ఉంటుంది.

భయం సరిగ్గా ఎప్పుడు మొదలైందో కూడా చెప్పగలను. మా తెలుగు చర్చిలో చెప్పులూ షూలూ వరండాలోనే విడిచి లోపలికెళ్ళాలి. చాపల మీద కూర్చోవాలి. ప్రార్థనకి మోకాళ్ళూనితే ముందు వరస వాళ్ళ అరికాళ్ళన్నీ వెనక వరస వాళ్ళ మొహాలకి ఎదురుగా ఉంటాయి. కళ్ళు మూసుకోవాలి, నిజమే. ఎవరు మూసుకుంటారు? ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి, నాకు పదిహేనేళ్ళు. ఒక ఆదివారం నాన్న కానుకల సంచి తిప్పి వచ్చి, ముందు వరసలో మోకాళ్ళూనాడు. కుడి మడమ దగ్గర రేగుపండంత చిల్లు. నల్లటి మోజాలోంచి తెల్లగా పగిలిన మడమ బయటికి చూస్తోంది. నా పక్కనున్నవాళ్ళు నవ్వాపుకుంటుంటే చాప కదలడం నాకు తెలుస్తోంది. అంత పొడుగు ప్రార్థన నా జన్మలో వినలేదు. దేవుణ్ణి నేను అడిగింది ఒకటే, త్వరగా ఆమెన్ అనిపించమని.

ఇంటికొస్తూ అమ్మ ఆ సంగతి చెప్పింది. నాన్న తేలిగ్గా తీసుకున్నాడు. "దేవుడు చూసేది గుండెని."

"వెనకవాళ్ళు చూసేది మడమని," అంది అమ్మ.

అమ్మ ఆస్పత్రిలో నర్సు. తెల్ల బూట్లు, తెల్ల మోజాలు, వాటికి నీలిమందు. శుభ్రం విషయంలో ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా కాలనీలో లేరు. ఆ వారం నుంచే ఇంట్లో శనివారం సాయంత్రం మోజాల పరీక్ష మొదలైంది. ప్రతి మోజాలోకీ చెయ్యి దూర్చి, వేళ్ళు విడదీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేది. వెలుతురు ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ రేపు చిల్లు పడుతుందని లెక్క. కాలిపోయిన బల్బు ఒకటి మోజాలోకి దోపి, దాని గుండ్రటి భాగం మీద మడమ బిగించి, చిల్లు పడకముందే కుట్టేసేది. పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కాలి. ఎండలో వెయ్యకూడదు, రాయపూర్ మే నెల ఎండకి ఎలాస్టిక్ పొడిపొడిగా రాలిపోతుంది. నీడలో, వేళ్ళ వైపు క్లిప్పు పెట్టి వేలాడదీయాలి. జతలు కలవకుండా పైఅంచు లోపల దారంతో చిన్న గుర్తు కుట్టేది. నాన్నవి ఎర్ర దారం, నావి లేత నీలం.

బీకాం అయ్యాక రెండేళ్ళు ఖాళీగా తిరిగాను. నాన్న రిటైర్మెంటు ఏడాదిలోకి వచ్చేసింది. ఆ తరవాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అప్పుడు సిల్తారాలో ఒక స్టీలు కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సరుకు పంపే విభాగంలో గుమాస్తా పని. ఇంటర్వ్యూ మాత్రం రాయపూర్‌లోనే, వాళ్ళ ఆఫీసులో.

గోల్ బజార్‌లో మోజాలు కొనడానికి నాకు ఒక పూట పట్టింది. కొట్టాయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కాలు మీద కాలు వేసుకోమన్నాడు. ప్యాంటు పైకి లేచినా చర్మం కనపడకూడదట, అందుకని పొట్టివి వద్దన్నాడు. రంగు షూతో కాదు, ప్యాంటుతో కలవాలన్నాడు. నాది నేవీ బ్లూ ప్యాంటు. ట్యూబులైటు కింద నలుపూ నేవీ బ్లూ ఒకటే లాగున్నాయి. రెండూ పట్టుకుని మూడుసార్లు రోడ్డు మీదికి వెళ్ళి పగటి వెలుతుర్లో చూసుకొచ్చాను. మూడోసారి కొట్టాయన, "భయ్యా, షాదీ హై క్యా?" అని అడిగాడు. పెళ్ళయితే ఇంత భయపడేవాణ్ణి కాదు.

ఇంటర్వ్యూ రోజు వాన. రైల్వే అండర్‌బ్రిడ్జి కింద మోకాళ్ళ దాకా నీళ్ళు. ఆటోవాడు ఇవతలే దించేశాడు. ప్యాంటు మడిచాను గానీ షూ విప్పే ధైర్యం చాల్లేదు, అందరూ చూస్తున్నారు. ఆఫీసు చేరేసరికి అడుగు వేస్తే లోపల నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి.

గాజు తలుపు ముందు చెప్పులూ బూట్లూ వరసగా విడిచి ఉన్నాయి. పదిహేను జతలుంటాయి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పుట్టినప్పటి నుంచీ ప్రతి ఆదివారం చేసిన పనే చేశాను. షూ విప్పి వరస చివర పెట్టి, తడి మోజాలతో లోపలికి నడిచాను.

ఇంటర్వ్యూ గదిలో తెల్ల టైల్స్. ముగ్గురు కూర్చుని ఉన్నారు. బల్ల కింద ఆరు షూలు, నిగనిగలాడుతూ. వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా నా పాదాల ముద్రలు, వేళ్ళతో సహా. పెద్దాయన ఆ ముద్రలు చూశాడు, నా కాళ్ళు చూశాడు.

"జూతే కహా హై?"

"బాహర్ హై సర్. బయట అందరివీ విప్పి ఉంటే…" హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయి మళ్ళీ హిందీలోకి వచ్చాను.

"అవి లోడింగ్ వాళ్ళవి," అన్నాడాయన హిందీలోనే. "బురద బూట్లతో వస్తారని వాళ్ళని విప్పమంటాం. స్టాఫ్ విప్పరు."

ఆయన కోపంగా అనలేదు. పక్కాయన కొంచెం వంగి, "మోజే తో నయే హై," మోజాలు మాత్రం కొత్తవే, అని నవ్వాడు కూడా. ఆ తరవాత వాళ్ళు అడిగిందంతా యార్డు గురించే. ఎండలో నిలబడగలవా, దుమ్ము పడుతుందా, షిఫ్టులు చేస్తావా. టేబుల్ పని గురించి ఒక్క ప్రశ్న లేదు. నేను కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకుని అన్నిటికీ 'జీ సర్' అన్నాను. పది రోజులకి ఉత్తరం వచ్చింది. లారీలు తూచే కాటా దగ్గర, యార్డులో డ్యూటీ. సేఫ్టీ బూట్లు కంపెనీ ఇస్తుంది.

షూ విప్పకుండా వెళ్ళి ఉంటే టేబుల్ ఇచ్చేవాళ్ళా? నాకు తెలియదు. బీకాం వాళ్ళు అప్పట్లో కోకొల్లలు, బహుశా ఎవరికైనా యార్డే ఇచ్చేవాళ్ళేమో. కానీ తలుపు దగ్గర ఏ వరసలో నా షూ పెట్టానో ఆ వరసలోకే నన్ను పంపారన్న అనుమానం ఇంతవరకూ పోలేదు.

ఉత్తరం చదివేసరికి నాన్న డ్యూటీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. ఒక బూటు చేతిలో ఉంది.

"టేబులేనా?" అన్నాడు.

"టేబులే," అన్నాను.

ఆ ఒక్క మాటతో ఏడెనిమిది నెలలు నరకం కొని తెచ్చుకున్నాను. నాన్న ఆ సాయంత్రమే క్వార్టర్ల లైను మొత్తం తిరిగి చెప్పొచ్చాడు. ఆదివారం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పాడు. ఇక నేను నిజం చెబితే పోయేది నా పరువు కాదు, ఆయనది.

రోజూ పొద్దున్నే ఇస్త్రీ ప్యాంటు, నల్ల షూ, పల్చటి మోజాలతో ఇంట్లోంచి బయల్దేరేవాణ్ణి. అమ్మ వెనకనుంచి చూస్తుండేది. సిల్తారాలో బస్సు దిగి, కాటా గది వెనక్కి వెళ్ళి, ఇనప డబ్బాలోంచి బూట్లూ మందపాటి మోజాలూ తీసి తొడుక్కుని, షూ, పల్చటి మోజాలు అందులో దాచేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ తిరగేసి. మందపాటివి అక్కడే కుళాయి కింద ఉతికి, గది రేకు మీద ఆరేసేవాణ్ణి. ఆ ఊళ్ళో గాలిలోనే నల్ల దుమ్ము. ఉతికినవి ఆరేలోపు మళ్ళీ నల్లబడేవి. కాటా దగ్గర నాతో పనిచేసే ముసలాయన కొన్నాళ్ళు చూసి చూసి అడిగాడు. "కాబర్ బాబూ? దూ జోడీ మోజా కాబర్?" ఎందుకు బాబూ రెండు జతలు, అని. కాళ్ళకి చెమట ఎక్కువ పడుతుందని చెప్పాను. ఒక అబద్ధానికి ఇంకోటి కాపలా.

మూడు వారాలు గడిచాయి. శనివారం సాయంత్రం అమ్మ నా మోజాలోకి చెయ్యి పెట్టి కిటికీ దగ్గర నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"ఏరా, సిల్తారా వాళ్ళు ఆస్పత్రికొస్తే కాలర్లు కూడా నల్లగా ఉంటాయి. నీ మోజాలేంటి, పెట్టెలోంచి తీసినట్టున్నాయి?"

"ఆఫీసంతా ఏసీ అమ్మా. తలుపులు మూసే ఉంచుతారు."

"ఊఁ," అంది.

ఆ 'ఊఁ' నాకు నిద్ర పట్టనివ్వలేదు. సోమవారం బూట్లు తొడుక్కునే ముందు పల్చటి మోజాల్ని యార్డు దుమ్ములో బాగా పొర్లించాను. తెలివైన పని చేశాననుకున్నాను. తరవాతి శనివారం అమ్మ వాటిని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కన పెట్టింది. "దుమ్ముంది. చెమట లేదు," అంది, ఎవరితోనో అన్నట్టు. నర్సు దగ్గరా నా వేషాలు.

చలికాలమంతా ప్రతి శనివారం అలాగే వాసన చూసి పక్కన పెట్టింది. ఇక మిగిలింది ఒకటే దారి. పల్చటి మోజాలు విప్పకుండా వాటి మీదే మందపాటివి వేసుకుని బూట్లు తొడగడం. అప్పటికి ఎండాకాలం వచ్చేసింది. యార్డులో నేల కాలుతుంటుంది, అప్పుడే వచ్చిన ఇనప కడ్డీల కట్టలు పక్కనే సెగ కక్కుతుంటాయి. నైలాను జారుతుంది, నూలు పట్టుకుంటుంది, మధ్యలో నా మడమ నలుగుతుంది. నాలుగో రోజుకి బొబ్బ, ఆరో రోజుకి తోలు ఊడిపోయింది. ఆదివారం చర్చి మెట్లు కుంటుతూ ఎక్కాను. మోకాళ్ళూనితే మడమ దగ్గర మోజా అంటుకుపోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనకవాళ్ళు భక్తి అనుకుని ఉంటారు.

ఇంటికొచ్చాక అమ్మ స్టూలు వేసి కూర్చోమంది. లుంగీ పైకి మడిచి కాలు చాపాను. నాన్న ఎదురుగా పేపరు చదువుతున్నాడు. అమ్మ దూదితో తుడుస్తూ అడిగింది. "మెత్తటి షూ, పల్చటి మోజా, కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మడమ ఇలా ఎట్టా ఒలిసిపోయిందిరా?"

"షూ కరిచిందమ్మా."

ఆ షూ కొని ఏడాది దాటింది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నాన్న పేపరు దించి నా కాలి వైపు చూశాడు. కొంచెం సేపు చూశాడు. "ఎండకి అలాగే అవుద్దిలే. మందు రాసి వదిలెయ్," అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. గండం గడిచిందనుకుని, మర్నాటి నుంచి పల్చటివి మళ్ళీ డబ్బాలోనే దాచాను. ఆయన మడమ కాదు, చీలమండ పైన చూశాడని నాకు అప్పుడు తట్టలేదు.

నాన్న రిటైరయ్యే రోజు వచ్చింది. నెలాఖరు, శనివారం. నేను సెలవు పెట్టాను. వర్క్‌షాప్‌లో సాయంత్రం సన్మానం, తరవాత ఇంట్లో ప్రార్థన. నాన్న కొత్త చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆదివారం మోజాలు తీస్తే ఎలాస్టిక్ సాగిపోయి కాలి మీద నిలబడటం లేదు. అమ్మ ఎన్నిసార్లు కుట్టిందో, మడమ అంతా కుట్టే. నాన్న వాటిని పక్కన పెట్టి, చొక్కా గుండీ పెట్టుకుంటూ అన్నాడు.

"నీ ఆఫీసు మోజాలు ఇలా ఇయ్యరా. కొత్తగానే ఉన్నాయిగా. నువ్వెలాగూ వేసుకోవు గదా."

నా చెయ్యి బీరువా తలుపు మీద ఆగిపోయింది. ఇవాళ సెలవు కాబట్టి వేసుకోవు అన్నాడా? లేక? మొహం చూద్దామంటే తల దించుకుని ఉన్నాడు. అమ్మ వైపు చూశాను. ఆమె ఆయన భుజం మీద లేని దారప్పోగు దులుపుతోంది. తీసి ఇచ్చాను. ఆయన ఎప్పట్లాగే మడమ దాకా చుట్టి, వేళ్ళు పెట్టి, మెల్లగా పైకి లాక్కున్నాడు.

సన్మానంలో నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. దండ వేశారు, శాలువా కప్పారు, మైకిచ్చారు. ఇప్పుడు చెబుతాడు, మావాడు టేబుల్ దగ్గర కూర్చుంటాడని అందరి ముందూ చెబుతాడు, ఇక్కడున్నవాళ్ళలో సిల్తారా వెళ్ళొచ్చేవాళ్ళు ఎంతమందో, నన్ను కాటా దగ్గర చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో. ఆయన తోటివాళ్ళకి దణ్ణం పెట్టాడు, పై అధికారులకి దణ్ణం పెట్టాడు, అమ్మ పేరు చెప్పి దణ్ణం పెట్టాడు. నా మాట ఎత్తలేదు. కిందికి దిగాక ఎవరో హిందీలో అడిగారు, "అబ్బాయి ఆఫీసులోగా ఇప్పుడు?" అని. "సిల్తారా మే హై," అన్నాడు నాన్న. అంతే అన్నాడు. అన్నేళ్ళుగా చెప్పుకున్న మాటని ఆయన ఆ రోజు మింగేశాడు, నా కోసం. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

ఇంట్లో ప్రార్థనకి అందరం మోకాళ్ళూనాం. నాన్న నా ముందే ఉన్నాడు. నేను కళ్ళు మూసుకోలేదు. నా మోజాల్లో ఆయన అరికాళ్ళు. చిల్లు లేదు, కుట్టు లేదు, కనీసం మడమ దగ్గర అరుగు కూడా లేదు. ఏడెనిమిది నెలలు రోజూ వేసుకెళ్ళిన మోజాలు అలా ఉంటాయా? చదవడం వచ్చినవాళ్ళకి అందులో అంతా రాసే ఉంది. ప్యాంటు కొంచెం పైకి లేచి, మోజా అంచు జారి, ఆ నున్నటి గీత కనపడుతోంది. అది చూసి నా కాలు తడుముకున్నాను. చీలమండ పైన, చుట్టూ, వెంట్రుకలు లేవు. మోజాల్ని దాచడంలో పడి కాలిని దాచుకోవడం మర్చిపోయాను. రోజూ సాయంత్రం లుంగీ మడిచి ఆయన ఎదురుగానే కూర్చున్నాను.

సోమవారం పొద్దున ఎప్పట్లాగే ఇస్త్రీ ప్యాంటు వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. నా నల్ల షూ పక్కన పల్చటి మోజాలు లేవు. నాన్న మందపాటి మోజాలు ఆరు జతలు, ఉతికి, మడిచి పెట్టి ఉన్నాయి. పైజత విప్పి లోపల చూశాను. ఎర్ర దారం ఊడదీసిన రంధ్రాలు ఇంకా పూడలేదు. వాటి పక్కనే లేత నీలం దారంతో కొత్త కుట్టు. ఆరింటికీ అంతే. అమ్మ ఆదివారమంతా కూర్చుని కుట్టి ఉంటుంది.

అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నాన్న అరుగు మీద ఉత్త కాళ్ళతో కూర్చుని ఉన్నాడు. పనిరోజున ఆ టైముకి ఆయన్ని ఇంట్లో చూడటం అదే మొదటిసారి. ఏదో ఒకటి చెప్పాలి. క్షమించమనాలి. వంగి ఒక జత తొడుక్కున్నాను. గ్రీజు వాసన. బూట్లు సిల్తారాలో ఉన్నాయి, చేతిలో ఉన్నది ఆఫీసు షూ. అంత మందపు మోజాతో అందులో కాలు పట్టడం లేదు. కుక్కుతున్నాను, మాటిమాటికీ మడమ మీద ఇరుక్కుపోతోంది.

నాన్న కాసేపు చూశాడు. తరవాత అరుగు దిగి వచ్చి నా ముందు గొంతుకూచున్నాడు. షూ నాలుక పైకి లాగి, నా మడమ పట్టుకుని లోపలికి నొక్కాడు.

"లేసు బిగించకు," అన్నాడు. "అక్కడికెళ్ళి బూట్లలో వేస్తే సరిపోద్ది."